మా ఆయన నడిపే పడవకు వెనక కన్ను

మా ఆయన హంసను చంపి ఇంటికి వచ్చిన సాయంత్రం నేను గ్యాలరీలో కూర్చుని చిక్కుడుకాయలు గిల్లుతున్నాను.

ముంబై కామాఠీపురాలో, వరసగా ఒంటిగదులున్న మా చాల్‌కి గ్యాలరీయే వసారా. ఎవరి మొహం ఎలా ఉందో వాళ్ళ గది చేరేలోపే అన్ని గుమ్మాలకూ తెలిసిపోతుంది. ఆయన చెక్కమెట్లెక్కి, ఎవరినీ పలకరించకుండా వచ్చి, బూట్లు కూడా విప్పకుండా మా గడప మీద కూలబడ్డాడు.

"ఏందయ్యా, గట్లున్నవ్? ఏమైంది?" అన్నాను.

"హంస పేలింది."

"ఏంది?"

"హంసే. తెల్లగ, ఇంత పెద్దగ ఉండె. ఫట్ మని పేలింది." చేతులు రెండూ చాచి చూపించాడు. "మెడ ఒక్కటే మిగిలింది."

నాకేమీ అర్థం కాలేదు. లోపల్నుంచి మా అత్తమ్మ, "ఎవరు వోయిన్రు రా?" అంటూ కంగారుగా బయటికొచ్చింది.

మా ఆయన పని ఏమిటో ముందు చెప్పాలి. ఆయన మోటార్ యాట్, అంటే డబ్బున్నవాళ్ళ షికారు పడవ, నడుపుతాడు. చాల్‌లో అందరూ 'పడవ డ్రైవర్' అంటారు, యజమానురాలు మాత్రం 'కెప్టెన్' అంటుంది. కుర్రతనంలో గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర లాంచీల మీద తాళ్ళు విసిరే పనికి చేరి, అక్కడే నడపడం నేర్చుకుని, పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నాడు. మావాళ్ళంతా పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్ళో రాళ్ళూ ఇసుకా మోసినవాళ్ళే. నీటి మీద పని చేసినవాడు మా ఇంట్లో ఈయనొక్కడే. ఆ యాట్ ఒక పెద్దావిడది. అరవై దాటాయి, ఎప్పుడూ ఇంత వెడల్పు టోపీ పెట్టుకుంటుంది, పడవ ఎంత వేగంగా పోతే అంత సంతోషపడుతుంది. మేమందరం ఆవిడను మేడం అంటాం.

ఆ రోజు మేడం మనవలు గాలి నింపిన పెద్ద ప్లాస్టిక్ హంసను పడవ వెనకాల కట్టుకుని ఆడుకున్నారు. తర్వాత దాన్ని విప్పడం మరిచిపోయారు. సముద్రం అవతలి ఒడ్డున మాండ్వా జెట్టీ దగ్గర పడవను వెనక్కి నడిపి ఆనించాలి. స్టీరింగ్ ముందు కూర్చుంటే వెనకాల సోఫా, దాని వెనక అద్దాల తలుపు, పైకి పోయే మెట్లు, జెండా, ఇవే కనిపిస్తాయి. నీళ్ళు కనిపించవు. వెనక డెక్ మీద నిలబడి దారి చెప్పే పడవ పనివాడు కాకా సరిగ్గా అప్పుడే తాడు చూడ్డానికి ముందుకు వెళ్ళాడు. హంస వచ్చి పడవకూ జెట్టీకీ మధ్య ఇరుక్కుంది.

"తుపాకి పేలినట్టే పేలింది," అన్నాడు మా ఆయన. "జెట్టీ మీద అందరు కింద కూసున్నరు. ఒకాయనైతే పండుకున్నడు. మేడం టోపి నీళ్ళల్ల వడ్డది. పోరలు ఒక్కతీరుగ ఏడుపు."

"మేడం ఏమన్నది?"

"నవ్వింది. కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్వింది. లాస్ట్‌ల, 'కెప్టెన్, వెనక కండ్లు పెట్టించుకో' అన్నది."

అప్పటిదాకా పళ్ళు బిగపట్టుకుని ఉన్నాను. ఆ మాటతో ఆగలేకపోయాను. నా నవ్వు చూసి అత్తమ్మ నవ్వింది, అత్తమ్మను చూసి పక్కగది ఆడవాళ్ళు నవ్వారు. ఆయన బూటు విప్పి కోపంగా పక్కన పెట్టాడు.

"నవ్వుండ్రి, నవ్వుండ్రి. రేపు సముద్రమంత నవ్వుతది నా మీద."

"కెమెరా పెట్టుకోరాదయ్యా?" అన్నాను.

నేను గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర కార్ల సామాన్ల దుకాణంలో పని చేస్తాను. మొదట బిల్లులు రాయడానికి చేరాను. ఫిట్టింగ్ చేసే అతను ఊరికి వెళ్ళి తిరిగి రాకపోవడంతో ఆ పని కూడా నేర్చుకున్నాను. సీటు కవర్లు, హారన్లు, రివర్స్ కెమెరాలు. వీటిలో కెమెరా పని నాకు చాలా ఇష్టం. చివరి వైరు తగిలించగానే తెర మీద ఉన్నట్టుండి వెనక వీధంతా ప్రత్యక్షమవుతుంది చూడండి, ఆ క్షణం ఎన్నిసార్లు చూసినా పాతబడదు.

"గది కారు కాదే, యాట్," అన్నాడాయన.

"ఎన్కకు వోతదా, లేదా?"

"వోతది."

"ఎన్కేమున్నదో కనవడ్తదా?"

"కనవడది."

"మరింకేంది? కారే అది."

ఆయన మర్నాడు భయపడుతూ భయపడుతూ మేడంకి ఫోన్ చేశాడు. పడవ కంపెనీవాళ్ళు సీజన్ అయ్యాక వస్తామన్నారట. అప్పటిదాకా ఆగే ఓపిక మేడంకి లేదు. "మీ ఆవిడ చేస్తుందా? భేష్! తీసుకురా," అంది.

పెళ్ళై ఇన్నేళ్ళైనా నేను ఆ పడవ ఎక్కలేదు. గట్టు మీద నిలబడి చూసినప్పుడు మిగతా తెల్ల పడవల మధ్య అది కూడా ఓ తెల్ల పడవ. చిన్న రబ్బరు దోనెలో కూర్చుని దాని దగ్గరికి పోతుంటే అది పెరుగుతూ పెరుగుతూ వచ్చి, చివరికి మా చాల్‌లో ఒక అంతస్తంత అయ్యి నా మీదికి వంగినట్టయింది. పనిముట్ల సంచిని పసిపిల్లలా గుండెకు హత్తుకున్నాను. పైనుంచి కాకా చెయ్యి అందించాడు.

కాకా వర్లి కోళీవాడ మనిషి, చేపలు పట్టే ఇంట్లో పుట్టినవాడు. వయసు అడిగితే నవ్వుతాడు. ముందు పళ్ళు లేవు కాని గొంతు మాత్రం రెండు ఇంజన్లను మించి వినిపిస్తుంది. పడవ వెనక్కి పోతున్నంతసేపూ 'యే యే యే' అని పిలుస్తాడు, ఆగాల్సిన చోట 'థాంబ్!' అని అరుస్తాడు. ఆ రెండు మాటలతోనే ఏళ్ళ తరబడి మా ఆయన పడవ ఆనిస్తున్నాడు. నా సంచిలోకి తొంగి చూసి, "మశీన్ ఆణ్లీ కా?" అన్నాడు. మశీను తెచ్చావా అని. గొంతులో అంత సంతోషం లేదు.

పని అనుకున్నంత సులువు కాలేదు. కార్ల బ్యాటరీ పన్నెండు వోల్టులు. ఈ పడవది మీటరు పెట్టి చూస్తే ఇరవైనాలుగు. అలాగే కలిపితే కెమెరా మాడి ఊరుకునేది. అగ్గిపెట్టెంత కన్వర్టరు ఒకటి సంచిలో ఉండబట్టి సరిపోయింది. పడవకు ఎక్కడా కన్నం పెట్టవద్దని మా ఆయన ముందే ఒట్టు వేయించుకున్నాడు. అందుకని వెనక డెక్ మీద పైకప్పు అంచుకి ఉన్న స్టీలు కడ్డీకి క్లాంపు బిగించి, దానికి కెమెరా పెట్టాను. అక్కడ్నుంచి వెనక డెక్కూ, దాని అవతల నీళ్ళూ రెండూ కనిపిస్తాయి. వైరును దీపాల వైర్లు పోయే గొట్టంలోంచే లాగాను. బల్ల మీద వెల్లకిలా పడుకుని కప్పులో వైరు తోస్తుంటే, కిందనుంచి సముద్రం నన్ను ఉయ్యాల ఊపింది. నిద్ర రాబోయింది కూడా.

స్టీరింగ్ పక్కన తెర పెట్టి స్విచ్చి వేయగానే వెనకాల నీళ్ళన్నీ ఆ చిన్న పెట్టెలోకి వచ్చిపడ్డాయి. పచ్చగా, మెరుస్తూ, కదులుతూ. మా ఆయన తెర ముందు చిన్నపిల్లాడిలా నోరు తెరిచాడు.

"అబ్బ! ఎంత సాఫ్ కనవడ్తున్నదే!"

తెరలో కాకా కూడా కనిపించాడు. వెనక డెక్ మీద ఒక్కడే నిలబడి కెమెరాను కిందనుంచి చూస్తున్నాడు. తర్వాత లోపలికొచ్చి, తెర చూసి, నెమ్మదిగా అడిగాడు, "ఆతా మాఝం కాయ్ కామ్?" ఇక నాకేం పని అని. మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. కాకా వినకుండా తాళ్ళు చుట్టడానికి వెళ్ళిపోయాడు.

మేడం ఫోన్‌లో అంతా విని, ఆదివారం ట్రయల్ చూద్దామంది. "ఖాళీ పడవ సంగతి వేరు, జనం ఎక్కితే వెనక కిందికి దిగుతుంది. అప్పుడు కెమెరాకి నీళ్ళు తగులుతాయేమో చూడాలి. మీ ఇంట్లోవాళ్ళను తీసుకురా," అంది.

ఆ మాట మా ఆయన నాకు మెల్లగానే చెప్పాడు. కాని మా గది ఎంత? అత్తమ్మ వినేసింది.

అత్తమ్మకు డెబ్బై దాటాయి. పెళ్ళై పాలమూరు నుంచి వచ్చిన మర్నాటి నుంచే ఈ ఊళ్ళో కట్టే మేడలకు తట్టలు మోసింది. కొడుకు పడవ నడుపుతాడని ఊరందరికీ చెప్పుకుంటుంది కాని ఎప్పుడూ ఎక్కింది లేదు. "ఇంట్లోవాళ్ళు అన్నదా మేడం?" అని ఒకటికి రెండుసార్లు అడిగి, గ్యాలరీలోకి వెళ్ళింది. కాసేపటికి తిరిగొచ్చి, "అందరికి చెప్పిన," అంది.

"అందరికి అంటె ఎవరికే అవ్వా?" అన్నాడు మా ఆయన గుండె పట్టుకుని.

"గా ముగ్గురికే. పక్కపొంటి ఉన్నోళ్ళు ఇంట్లోవాళ్ళు కారా?"

అలా ఆదివారం పొద్దున నేనూ, అత్తమ్మా, ముగ్గురు పొరుగింటి ఆడవాళ్ళూ పట్టుచీరలు కట్టుకుని బయల్దేరాం. సర్వపిండి డబ్బా, వెల్లుల్లికారం సీసా, గారెల గిన్నె. ఫాక్‌లాండ్ రోడ్ మూల మీద ట్యాక్సీ దొరికింది. అత్తమ్మ ముందు సీట్లో, మేం నలుగురం వెనక ఒకరి ఒళ్ళో ఒకరం. డ్రైవరు మేం ఎక్కిన వీధిని ఓసారి, అద్దంలోంచి మా చీరలను ఓసారి, మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. ఎర్రదీపాల వాడ పక్కనే కాబట్టి, మా వీధి పేరు చెబితే ఈ ఊళ్ళో చాలామంది అలాగే చూస్తారు. అత్తమ్మ అతని భుజం తట్టింది.

"ఆగే దేఖో బేటా. పీఛే సబ్ ఠీక్ హై. పట్టుచీరలే ఉన్నై."

ముందుకు చూడు, వెనక అంతా బాగానే ఉందని. సగం హిందీ, సగం తెలుగు. అతనికి ఏం అర్థమైందో కాని గేట్‌వే దాకా మళ్ళీ అద్దం వంక చూడలేదు. మేం మాత్రం దారి పొడవునా నవ్వుతూనే ఉన్నాం.

పట్టుచీరల మీద నారింజరంగు లైఫ్ జాకెట్లు తొడిగేసరికి అందరం గుమ్మడికాయల్లా తయారయ్యాం. పడవ ఎక్కే ముందు అత్తమ్మ గుడి దగ్గర విప్పినట్టు చెప్పులు విప్పి చేత పట్టుకుంది. పడవ అంచును తాకి కళ్ళకద్దుకుంది. మేడం అది చూసి మురిసిపోయింది. యాట్‌లో చెప్పులు వేసుకోకూడదట. ఎంతమంది గొప్పవాళ్ళకు చెప్పినా వినరట. ఈవిడ చెప్పకుండానే విప్పింది. అక్కడికక్కడే ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్య భాష అంతంత మాత్రం. కాని ఒకరి మోకాళ్ళ నొప్పులు ఒకరికి వెంటనే తెలిసిపోయాయి.

నిలబడి ఉన్న పెద్ద ఓడలను దాటుకుని, చుట్టూ ఖాళీ నీళ్ళున్న చోటికి వచ్చాక మా ఆయన ఇంజన్లు నెమ్మది చేశాడు. జెట్టీ దగ్గరికి పోయేముందు ఇక్కడ ఓసారి చూద్దామన్నాడు. పడవ పక్కలకు దెబ్బ తగలకుండా వేలాడదీసే నారింజరంగు గాలిబుడ్డ ఒకటి తాడు కట్టి నీళ్ళలో వేయించాడు. తెర చూసుకుంటూ పడవను వెనక్కి నడిపి, ఆ బుడ్డ దగ్గర ఆపాలి. అంతే.

నేను ఆయన పక్కన నిలబడ్డాను. తెరలో బుడ్డ చక్కగా ఎడమవైపు కనిపిస్తోంది.

"ఎడమకు తిప్పుతున్న, సూడు," అన్నాడు దర్జాగా.

ఆ పడవకు రెండు ఇంజన్లు, రెండు పిడులు. ఒకటి ముందుకు తోసి ఒకటి వెనక్కి లాగితే ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఆయన ఒక పిడి కొద్దిగా లాగాడు. బుడ్డ తెర మధ్యకు రావాల్సింది పోయి ఇంకా పక్కకు జరిగింది. ఆయన ఇంకొంచెం లాగాడు. అది ఇంకా జరిగింది. "ఎటు వోతవే?" అని బుడ్డను గదమాయించి గట్టిగా లాగాడు. బుడ్డ తెరలోంచి మాయమైంది. పడవ గిర్రున తిరిగింది.

వెనక డెక్ మీదనుంచి కేకలు వినిపించాయి. భయపడ్డారేమోనని చూస్తే, ఆడవాళ్ళు ముగ్గురూ ఒకరినొకరు పట్టుకుని విరగబడి నవ్వుతున్నారు. మేడం టోపీని రెండు చేతులా నెత్తికి అదుముకుని "వన్స్ మోర్!" అని అరుస్తోంది. అత్తమ్మ బల్ల అంచు పట్టుకుని, పళ్ళన్నీ బయటపెట్టి, "ఇంకోపాలి తిప్పు బిడ్డా! జాత్రల రంగులరాట్నం లెక్కనే ఉన్నది!" అంటోంది.

మా ఆయన చెమటలు తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. ఈసారి బుడ్డ కుడివైపు కనిపించింది. కుడికి తిప్పాడు. అది ఇంకా కుడికి పారిపోయింది. మళ్ళీ ఒక చుట్టు. ముంబై ఒకసారి ముందు కనిపించింది, ఒకసారి వెనక కనిపించింది. ఓడలు, కొండలు, ఆకాశం, అన్నీ కలిసిపోయాయి. గారెల గిన్నె మూత దొర్లుకుంటూ పోయి కాకా కాళ్ళ దగ్గర ఆగింది.

"దయ్యం వట్టింది దీనికి!" అన్నాడు మా ఆయన. "ఇన్నేండ్ల సంది నడుపుతున్న, ఎన్నడన్న గిట్ల చేసిందా? నీ కెమెరా వెట్టినంక నా చేతులు నా మాట ఇంటలేవు."

నాకు నవ్వాగడం లేదు. నవ్వుతూనే తెర వంక చూస్తున్నాను. తెరలో అత్తమ్మ ఇటు తిరిగి కూర్చుని కనిపిస్తోంది. ఏదో తేడా ఉంది. ఏమిటో తెలియడం లేదు. ఆయనను ఇంజన్లు ఆపమని, తలుపు తెరిచి కేకేశాను.

"అత్తమ్మా! అన్నం తినే చెయ్యి లేపు!"

"ఇప్పుడే తింటమా?"

"తినం! ఉత్తగ లేపు!"

అత్తమ్మ కుడిచెయ్యి ఎత్తింది. ఎందుకో తెలియకపోయినా పక్కనున్న ముగ్గురూ, మేడం కూడా చేతులెత్తారు. నేను తెర చూశాను. అత్తమ్మ చెయ్యి తెరలో ఎడమవైపు లేచింది.

అప్పుడు వెలిగింది. వెనక చూసే కెమెరా బొమ్మ అద్దంలో బొమ్మలా ఉండాలి. కుడివైపున్నది కుడివైపే కనబడాలి. ఇది ఎదురుగా నిలబడ్డ మనిషిని చూసినట్టు చూపిస్తోంది. కుడి ఎడమ అయిపోయింది, ఎడమ కుడి అయిపోయింది. దుకాణంలో అయితే వెనక గోడ మీది బోర్డులు చూసి తెలుసుకుంటాం. బిగించిన రోజు ఇక్కడ వెనకాల నీళ్ళే. నీళ్ళకు కుడి ఏది, ఎడమ ఏది?

"తెర తిరగేసి చూపెడ్తున్నదయ్యా! నువ్వు సక్కగనే నడుపుతున్నవ్!"

ఆ మాట వినగానే ఆయన మొహం చూడాలి. పడవ కొనిచ్చినా అంత వెలగదు.

దీనికి మందు చిన్నదే. ఆ కెమెరా తోక దగ్గర ఒక సన్నటి ఆకుపచ్చ వైరు ఉంగరంలా వంచి ఉంటుంది. దాన్ని కత్తిరిస్తే బొమ్మ తిరగబడుతుంది. ఆ వైరు పైకప్పు అంచున ఉంది. నేను బల్ల ఎక్కాను. పడవ ఊగుతోంది. అత్తమ్మ నా నడుము పట్టుకుంది, ఆమె నడుము ఇంకొకామె పట్టుకుంది, అలా చివరికి మేడం దాకా గొలుసు తయారైంది. నేను సంచిలోంచి కటింగ్ ప్లేయరు తీసి పైకి చూస్తున్నానో లేదో, ఒక అల వచ్చింది. ప్లేయరు చేతిలోంచి జారి, అంచుకు తగిలి టింగుమని, బుడుంగున నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

అందరం నీళ్ళలోకి చూస్తూ ఉండిపోయాం.

"కత్తెర ఉన్నదా?" అన్నాను. పడవ వంటింట్లో కత్తి ఉందన్నాడు మా ఆయన. ఊగే పడవలో, తల మీద కత్తితో, అంత సన్నటి వైరు కోయడానికి నాకు ధైర్యం చాలలేదు. అప్పుడు అత్తమ్మ నా నడుము వదిలి, బొడ్లో దోపుకున్న సంచి విప్పి, వక్కలు కత్తిరించే అడకత్తెర తీసి పైకి అందించింది.

"గీంతోని అయితదా?"

నేను ఆ అడకత్తెరతోనే ఆకుపచ్చ వైరును టక్కున కత్తిరించాను. లోపల్నుంచి మా ఆయన కేక వినిపించింది.

"తిరిగింది! సముద్రం తిరిగింది!"

కిందికి దిగి పరుగెత్తాను. తెరలో అత్తమ్మ కుడిచెయ్యి ఇప్పుడు కుడివైపే ఉంది. తన చోట కూర్చుని మళ్ళీ ఎత్తి పట్టుకుంది పాపం, నేను అడగకముందే! ఆయన పిడులు పట్టుకున్నాడు. బుడ్డ ఎడమవైపు కనిపించింది. ఎడమకు తిప్పాడు. అది బుద్ధిగా తెర మధ్యకు వచ్చి, నిదానంగా పెద్దదవుతూ, డెక్ అంచు దగ్గర ఆగింది. కాకా వంగి దాన్ని పైకి లాగాడు. డెక్ మీద అందరూ చప్పట్లు కొట్టారు. కాకా ఒక్కడు కొట్టలేదు. చేతుల్లో తడి బుడ్డ ఉందని సర్దుకున్నాం.

తర్వాత మాండ్వా. హంస పోయిన చోటు అదే కాబట్టి మా ఆయన గొంతు సవరించుకున్నాడు. జెట్టీ మీద ఆదివారం జనం. పడవను తిప్పి, వెనక భాగం జెట్టీ వైపు పెట్టి, మెల్లగా వెనక్కి పోనిచ్చాడు. తెరలో జెట్టీ చక్కగా కనిపిస్తోంది. దాని రబ్బరు అంచు, స్తంభం, స్తంభం పక్కన కాళ్ళు చాపి కూర్చున్న కుక్క, అన్నీ. ఆయన ఈల వేయడం మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడే ప్రయాణికుల లాంచీ ఒకటి పక్కనుంచి విసురుగా పోయింది. దాని అల వచ్చి మా పడవ వెనక భాగానికి కొట్టుకుని పైకి లేచింది. పట్టుచీరలు తడిశాయి, కేకలు లేచాయి, తెర మొత్తం తెల్లబడింది. కెమెరా కంటి నిండా ఉప్పునీళ్ళు. జెట్టీ లేదు, కుక్క లేదు, పాలు విరిగినట్టు ఒక తెల్లటి ముద్ద. ఆయన ఈల ఆగిపోయింది.

"కాకా!" అని అరిచాడు.

పిలవక్కర్లేకుండానే కాకా తన చోట ఉన్నాడు. ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చెయ్యి గాలిలో ఆడిస్తూ, లేని పళ్ళ మధ్యనుంచి ఊరంతా వినబడేట్టు మొదలుపెట్టాడు. "యే... యే... యే... యే..."

పక్కన అత్తమ్మ లేచి నిలబడింది. ఆమె ఏళ్ళ తరబడి కట్టడాల దగ్గర లారీలను వెనక్కి రమ్మని పిలిచిన మనిషి. ఊరుకుంటుందా? ఆమె కూడా అందుకుంది. "రా... రా... రా బిడ్డా... జర ఇటు... రానియ్... రానియ్..."

"యే యే యే!"

"రా రా రా!"

"థాంబ్!"

"ఆగు!"

రెండూ ఒకే క్షణాన వచ్చాయి. పడవ ఆగింది. ఎంత మెల్లగా ఆనిందంటే, కుక్క కళ్ళు కూడా తెరవలేదు. జెట్టీ మీద ఎవరో చప్పట్లు కొట్టారు. మేడం లేచి కాకా వీపు మీద ఒక్కటి చరిచింది. కాకా ఆ రోజుకి మొదటిసారి చిగుళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. మెడలో తుండు తీసి, మంచినీళ్ళలో తడిపి, బల్ల ఎక్కి కెమెరా కన్ను శ్రద్ధగా తుడిచాడు. ఆ రోజు నుంచి అది కాకా పనే అయింది. ఉప్పు ఆరి మచ్చలు కట్టకుండా పడవ ఆగిన ప్రతిసారీ తుడుస్తాడు, మా ఆయనను కూడా ముట్టనివ్వడు. తెర చూసుకుంటూ మా ఆయన, తెర ఉన్నా వెనక నిలబడి 'యే యే యే' అంటూ కాకా, ఇద్దరూ కలిసే ఇప్పటికీ పడవ ఆనిస్తున్నారు.

అక్కడే డెక్ మీద కూర్చుని తిన్నాం. మేడం సర్వపిండి ముక్కను వెల్లుల్లికారంలో అద్దుకుని తిని, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుంటే ఇంకో ముక్క అడిగింది. "ఇది ఎలా చేస్తారు?" అని హిందీలో అడిగితే అత్తమ్మ చేతులతోనే పిండి కలిపి, చేతులతోనే గిన్నెకు ఒత్తి, వేలితో కన్నాలు పెట్టి చూపించింది.

తిరిగి వచ్చేటప్పుడు అత్తమ్మను స్టీరింగ్ పక్కన కూర్చోబెట్టాం. చాలాసేపు తెరలో దూరమైపోతున్న మాండ్వా కొండను చూసింది. ఊరు దగ్గరపడ్డాక తల ఎత్తి ముందు అద్దంలోంచి చూసింది. నీళ్ళ మీదనుంచి ఆమె ముంబైని తీరిగ్గా చూడటం అదే మొదలు. మేడలన్నీ వరసగా నిలబడి ఉన్నాయి.

"గా పొడుగుది కనవడ్తున్నదా? దానికి నేను ఇసుక మోసిన," అంది కొడుకుతో. "దాని పక్కది కూడ. అగో, గా ఎర్రది, దానికి మీ నాయన పరంజ కట్టిండు. నువ్వు కడుపుల ఉన్నవ్ అప్పుడు."

మేమంతా ఆమె వేలి వెంట చూశాం. మేడం కూడా లేచి వచ్చి చూసింది. అత్తమ్మకు ఊపొచ్చింది. ఒక్కొక్క మేడనూ చూపిస్తూ ఇది నాదే, అది కూడ నాదే అనసాగింది. ఆమె పుట్టకముందే ఉన్న గడియారం గోపురాన్ని కూడా కలిపేసుకుంది.

"మరి గేట్‌వే?" అన్నాడు మా ఆయన నవ్వాపుకుంటూ.

అత్తమ్మ కళ్ళు చిట్లించి దాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"అది నేను కాదు. మా అత్త వాళ్ళ అత్త."

ఆయన నవ్వులో పడి గేట్‌వే దగ్గర మలుపు కొంచెం వెడల్పుగా తీసుకున్నాడు.

సాయంత్రం మా వీధి మొదట ట్యాక్సీ దిగాం. అప్పటిదాకా బాగానే ఉన్నాం. నేల మీద కాలు పెట్టగానే నేల ఊగింది. నేనొక్కదాన్నే అనుకుని పక్కకు చూస్తే ఐదుగురమూ ఊగుతున్నాం. పొద్దంతా పడవలో ఉంటే ఒంట్లో అల మిగిలిపోతుందట. మా ఆయన తర్వాత చెప్పాడు కాని అప్పుడు మాకు తెలియదు. ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని, తడి ఆరి బిరుసెక్కిన పట్టుచీరలతో, ఒకసారి అందరం కుడికీ ఒకసారి అందరం ఎడమకీ ఒరుగుతూ చాల్ దాకా నడిచాం. మెట్ల దగ్గరికి వచ్చేసరికి పైమెట్టు మీదికొచ్చి కిందిమెట్టు కిందికి పోతున్నట్టుంది. అత్తమ్మ మూడో మెట్టు మీద కూర్చుండిపోయి నవ్వడం మొదలుపెట్టింది. ఇక మేం నలుగురం కూడా ఎక్కడివాళ్ళం అక్కడ కూలబడ్డాం.

కింది గదిలో ఉండే తాత, మా అత్తమ్మ ఈడువాడు, గుమ్మంలోకి వచ్చి కళ్ళద్దాలు సవరించుకుని మమ్మల్నందర్నీ వరసగా చూశాడు.

"ఏం తాగిన్రే అమ్మా, అందరు కలిసి?"

"సముద్రం తాగినం తాతా!" అంది మాలో ఒకామె.

ఆ మాటకు అత్తమ్మకు ఎక్కిళ్ళు వచ్చాయి. మా ఆయన పడవ కట్టేసి ఇంటికి వచ్చేసరికి మేమింకా మెట్ల మీదే ఉన్నాం. ఆయన దారి ఇమ్మన్నాడు. ఎవరం లేవలేకపోయాం. ఆయన కూడా వచ్చి నా పక్కన మెట్టు మీద కూర్చున్నాడు.